సార గింజల పెంకును వాడుకలోకి తెచ్చుకోవడం ఎలా

పాయసంలోనూ మిఠాయిల మీదా కనిపించే సారపప్పు అడవిలో పుట్టి వచ్చిన పప్పు. ఆదిలాబాద్ నుంచి నల్లమల వరకు, భద్రాచలం నుంచి పాడేరు వరకు ఆకురాల్చే అడవుల్లో పెరిగే ఈ చెట్టును కొన్నిచోట్ల మొర్రి అని, కొన్నిచోట్ల సార అని పిలుస్తారు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగా పండే దాని కాయను గుజ్జు కోసం తింటారు. లోపల మిగిలే గట్టి గింజను రుద్ది కడిగి, ఎండబెట్టి, తిరగలిలో తేలికగా విసిరి చేటతో చెరిగితే పప్పు ఒకవైపు, పెంకు మరొకవైపు చేరతాయి. పప్పు సంచులకెక్కి ఊరు దాటుతుంది. పెంకు మాత్రం దొడ్లో కుప్పగా పడి ఉండి, తొలకరికి తడిసి, బూజు పట్టి, చివరకు ఎవరో ఒకరు నిప్పు పెడితే రెండు రోజులు పొగలు కక్కి బూడిదవుతుంది.

ఆ కుప్ప చిన్నదేమీ కాదు. చెట్టును బట్టి, ఒలిచే పద్ధతిని బట్టి మారినా, నాలుగు కిలోల ఎండు గింజకు సుమారు ఒక కిలో పప్పు వస్తుందని అనుకుంటే, మిగిలిన మూడు కిలోలూ పెంకే. అంటే అడవిలో ఎండనపడి ఏరి, తలమీద మోసి తెచ్చిన బరువులో ముప్పాతిక వంతును మనం పారబోస్తున్నామన్నమాట. ఇంట్లో తిరగలితో ఒలుచుకునే కుటుంబాలకూ, యంత్రంతో పెంకు తీసే, గిరిజనుల అటవీ ఉత్పత్తుల కోసం ప్రభుత్వ పథకం కింద నడిచే వన్‌ధన్ కేంద్రాల మహిళా సంఘాలకూ పనికివచ్చేలా, ఆ ముప్పాతిక వంతును ఏం చేయవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

గట్టి పెంకుల ప్రస్తావన రాగానే చాలామంది నీటి శుద్ధి యంత్రాల్లో వాడే ఉత్తేజిత కర్బనం (యాక్టివేటెడ్ కార్బన్) గురించి, దానికి పలికే ధర గురించి మాట్లాడతారు. నా అభిప్రాయంలో ఆలోచించవలసిన దారుల్లో అది చిట్టచివరిది. పెంకు బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. ఏజెన్సీ గ్రామం నుంచి పట్నానికి చేర్చేసరికి దాని విలువను వాహనం కిరాయి మింగేస్తుంది. అందువల్ల ఏ ఉపయోగాన్ని పరిశీలిస్తున్నా మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: కుప్ప పడిన చోటనే, మనం ఇప్పుడు కొంటున్న లేదా అడవిలో నరికి తెస్తున్న ఏ వస్తువుకు బదులుగా ఈ పెంకు నిలబడగలదు?

మొదటి అడుగు: తూకం వేయండి

పది కిలోల ఎండు గింజను విడిగా పెట్టి, మీరు ఎప్పుడూ ఒలిచే పద్ధతిలోనే ఒలిచి, పప్పు, పెంకు, రెండూ కలిసిన నలుసు, ఈ మూడింటినీ వేరువేరుగా తూచి ఒక పుస్తకంలో రాసుకోండి. పెంకు ఎన్ని గోనె సంచులు పట్టిందో కూడా రాయండి, ఎందుకంటే నిల్వకూ రవాణాకూ బరువు కన్నా పరిమాణమే ముఖ్యం. సీజనంతా ఎంత గింజ ఒలుస్తారో మీకు తెలుసు కనుక, మొత్తం ఎంత పెంకు వస్తుందో దీని నుంచి లెక్క కట్టవచ్చు. ఇరవై ముప్పై కిలోలు వచ్చే ఇంటికీ, పది ఇరవై క్వింటాళ్లు వచ్చే కేంద్రానికీ తగిన దారులు ఒకటి కావు.

ఈ తూకంలో మరొక విషయం బయటపడుతుంది. పెంకు కుప్పలోంచి ఒక కిలో తీసి పరిచిన గుడ్డ మీద పోసి, అందులో విరిగిన పప్పు ముక్కలు ఎన్ని ఉన్నాయో ఏరి చూడండి. తిరగలి రాళ్ల మధ్య ఎడం తక్కువైతే పప్పు నలిగి పెంకులో కలిసిపోతుంది. ఎక్కువైతే గింజలు పగలకుండానే బయటపడతాయి. గుప్పెడు పప్పు ముక్కలు దొరికితే ఆ కుప్పకు అన్నిటికంటే లాభసాటి ఉపయోగం దాన్ని మళ్లీ జల్లించి చెరగడమే, ఎందుకంటే పెంకును ఎంత తెలివిగా వాడినా దానికి సారపప్పు ధర రాదు. పైగా ఈ పప్పు బరువులో సగం దాకా నూనే ఉంటుంది. పెంకులో మిగిలిపోయిన ముక్కలు త్వరగా కంపు కొడతాయి, చీమలనూ ఎలుకలనూ పిలుస్తాయి, కాల్చినప్పుడు మసి పుట్టిస్తాయి.

రెండవ అడుగు: ఇతర గింజల పెంకు కలవకుండా చూడండి

ఇది తప్పనిసరి అడుగు. అడవి నుంచి వచ్చే గింజలు ఒకే దొడ్లో, ఒకే నేల మీద ఎండుతాయి. వాటి తొక్కలు, పెంకులు ఒకే మూలకు చేరతాయి. వాటిలో కొన్ని నిరపాయమైనవి, కొన్ని ప్రమాదకరమైనవి.

అన్నిటికంటే జాగ్రత్త పడవలసింది నల్లజీడితో. ఒకప్పుడు చాకలివారు బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడిన గింజ ఇదే. దాని పెంకులో ఉండే నల్లని జిగురు రసం చర్మానికి తగిలితే దురద, వాపు, బొబ్బలు వస్తాయి. కాల్చినప్పుడు వచ్చే పొగ కూడా కళ్లనూ ముఖాన్నీ బాధిస్తుంది. సార చెట్టు, నల్లజీడి, జీడిమామిడి, మామిడి, ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవైనా వాటి పెంకుల గుణం ఒకటి కాదు. జీడిమామిడి అడవి చెట్టు కాకపోయినా ఏజెన్సీ తోటల్లో విరివిగా ఉంది కనుక దాని గురించీ చెప్పాలి. జీడిగింజ పెంకులో తేనెపట్టు గదుల వంటి అరల్లో, పెంకు బరువులో దాదాపు నాలుగో వంతు దాకా ఘాటైన నూనె ఉంటుంది. దాన్ని వంట పొయ్యిలో వేయడం, ఇంటి దగ్గర బొగ్గు చేయడం రెండూ తగవు. అయితే ఆ నూనెకు రంగులు, వాహనాల బ్రేకు లైనింగుల తయారీలో మంచి గిరాకీ ఉంది. పలాస వంటి జీడి పరిశ్రమ కేంద్రాలకు దగ్గరలో ఉన్నవారు ఆ పెంకును నూనె తీసే మిల్లుకు అమ్ముకోవడమే సరైన పని.

ముష్టి గింజలో స్ట్రిక్నిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. ముష్టి ఆరబోసిన నేలను ఊడ్చిన చెత్తను సార పెంకుతో ఎన్నడూ కలపకండి, ముఖ్యంగా ఆ పెంకును కోళ్లు, మేకలు తిరిగే చోట పరచాలనుకుంటే.

ఇక తానికాయ, కరక్కాయల లోపలి రాతి గింజలు, కుంకుడు గింజలు సార పెంకుకు మంచి తోడు. ఇవి పరిమాణంలో పెద్దవి, గట్టివి, బొగ్గుకు అనుకూలమైనవి. కుంకుడు గింజకు అంటుకున్న జిగురు తొక్కను మాత్రం కడిగి ఆరబెట్టండి. వీటిని కూడా విడి సంచుల్లోనే ఉంచండి, ఎందుకంటే చిన్న పెంకూ పెద్ద గింజా ఒకే వేగంతో కాలవు.

మూడవ అడుగు: ఎండబెట్టి, జల్లించి, నిల్వ చేయండి

గింజను నానబెట్టి ఒలిచినవారి పెంకులో తేమ ఎక్కువగా ఉంటుంది. మే ఎండలో బండ మీదనో టార్పాలిన్ మీదనో రెండు అంగుళాలకు మించని మందాన పరిచి, రోజుకు రెండుసార్లు తిరగేస్తూ మూడు నాలుగు రోజులు ఎండనివ్వండి. గుప్పెడు పెంకును రెండు అరచేతుల మధ్య ఆడిస్తే గలగలమనాలి. ఒక చిప్పను రాయి మీద పెట్టి కొడితే అణిగిపోకుండా పెళుసుగా విరగాలి. ఎండిన పెంకును ముందు పెద్ద కన్నుల జల్లెడతో, తరువాత పిండి జల్లెడతో జల్లిస్తే పగలని గింజలు, చిప్పలు, పొడి అని మూడు భాగాలవుతుంది. పగలని గింజలు మళ్లీ తిరగలికి వెళతాయి. జల్లించేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని, గాలి వీచే వైపు వీపు పెట్టి కూర్చోండి.

నిల్వకు గోనె సంచులు చాలు, కాని నేల మీద కాక చెక్కల మీద, గోడకు జానెడు దూరంలో పేర్చండి. చెదలకు ఎండు పెంకు కంటే దాని కింద చేరే తేమ ఇష్టం.

నాలుగవ అడుగు: ముందుగా మీ పొయ్యిలోనే వాడి చూడండి

ఎండిన గట్టి పెంకు కిలోకు సుమారు నాలుగు వేల కిలో క్యాలరీల వేడి ఇస్తుంది. మంచి ఎండు కట్టెకు ఇది దాదాపు సమానం. అందుచేత మోపుల కొద్దీ కట్టెలు మోసే ఇంటికి ఒక్క రూపాయి పెట్టుబడి లేకుండా దొరికే మొదటి ఉపయోగం ఇదే. కాని సార పెంకు ముక్క చాలా చిన్నది. మూడు రాళ్ల పొయ్యిలో దాన్ని కుప్పగా పోస్తే ముక్కల మధ్య గాలి ఆడక మంట అణిగి, పొగ కమ్ముకుంటుంది. కట్టె బాగా అంటుకున్న తరువాత, మంట తగ్గినప్పుడల్లా గుప్పెడు చొప్పున నిప్పుల మీద చల్లండి. ఒకేసారి గంప కుమ్మరించి, పెంకు పొగ తప్ప మంట ఇవ్వదని తీర్మానించేవారే ఎక్కువ.

రంపపు పొట్టుతో నడిచే పొట్టు పొయ్యి ఉన్నవారు ఇంకొంచెం ముందుకు వెళ్లవచ్చు. మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు కూరి, సీసా తీసేస్తే ఏర్పడే రంధ్రం గుండా మంట లేచే పొయ్యి అది. ఒట్టి పెంకుతో ఆ గోడ నిలవదు; ముక్కలు జారి రంధ్రం మూసుకుపోతుంది. సగం రంపపు పొట్టు, సగం పెంకు కలిపి, కొద్దిగా నీళ్లు చిలకరించి గట్టిగా కూరితే నిలుస్తుంది. ఈ పాళ్లు మీ పొట్టు సన్నదనాన్ని బట్టి మారతాయి కనుక రెండు మూడుసార్లు ప్రయత్నించి స్థిరపరచుకోండి. పొయ్యిలో మిగిలే బూడిదను పారేయకండి. అందులో పొటాషియం ఉంటుంది, కూరగాయల మళ్లకు పలచగా చల్లుకోవచ్చు.

ఐదవ అడుగు: బొగ్గు చేయండి

పొయ్యి అవసరాలకు మించి పెంకు ఉన్నప్పుడు చేయవలసిన పని ఇది. బొగ్గుగా మారిన పెంకు బరువు నాలుగో వంతుకు అటూఇటూగా తగ్గుతుంది, పాడవకుండా ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, పొగ లేకుండా మండుతుంది, మట్టిలో వేసినా కుళ్లదు. బ్రెజిల్ దేశపు మరన్యావ్ రాష్ట్రంలో అడవిగా పెరిగే బబసూ తాటి కాయల్ని గొడ్డలి అంచు మీద పెట్టి దుడ్డుకర్రతో పగలగొట్టే మహిళలు తరతరాలుగా చేస్తున్నది ఇదే. ఆ కాయ బరువులో పప్పు ఏడు శాతమే, గట్టి పెంకు సగానికి పైగా ఉంటుంది. పప్పును నూనెకు అమ్మి, పెంకును గుంటలో బొగ్గు చేసి వంటకు వాడుకుంటారు.

అయితే బబసూ పెంకు ముక్క అంగుళాల్లో ఉంటుంది, మన సార పెంకు గోరంత కూడా ఉండదు. అందువల్ల గుంట పద్ధతి, తెరిచిన డ్రమ్ము పద్ధతి దీనికి అంతగా కుదరవు: ముక్కలు దట్టంగా సర్దుకుని గాలి దారులు మూసుకుపోయి, పైన బూడిద, అడుగున పచ్చి పెంకు మిగులుతాయి. పెంకును మంటలో పెట్టకుండా, పెంకున్న పాత్రను మంటలో పెట్టే మూసిన డబ్బా పద్ధతి మేలు.

పదిహేను కిలోల నూనె రేకు డబ్బా ఒకటి తీసుకోండి. లోపలి నూనె, బయటి రంగు పోయేలా మొదట ఒట్టి డబ్బానే ఆరుబయట ఒకసారి బాగా కాల్చండి. పై రేకును మూడు వైపులా కోసి మూతలా తెరుచుకునేలా చేసి, మూత మధ్యలో మేకుతో పెన్సిల్ మందం రంధ్రం ఒక్కటి కొట్టండి. ఈ రంధ్రం తప్పనిసరి. లోపల పుట్టే వాయువులకు దారి లేకపోతే డబ్బా ఉబ్బి పగులుతుంది. ఎండు పెంకును తూచి, డబ్బాలో పై అంచుకు నాలుగు వేళ్ల కింది వరకు నింపి, మూత వంచి, అంచుల వెంట తడి బంకమట్టి పూయండి. ఇంటికి, గడ్డివాముకు, అడవి అంచుకు దూరంగా మూడు ఇటుకల మీద డబ్బాను నిలబెట్టి, కిందా చుట్టూ పుల్లలతో, ఏరిన చితుకులతో మంట పెట్టండి. ఈ బయటి మంటకు మంచి కట్టె తగలేస్తే చేసిన పనికి అర్థం ఉండదు. ఎండుటాకు, కంది కట్టె, పత్తి కట్టె చాలు.

మొదట రంధ్రం నుంచి తెల్లని ఆవిరి వస్తుంది. అది తేమ. కొంతసేపటికి పొగ పసుపు రంగుకు తిరిగి, చిక్కబడి, ఘాటుగా మారుతుంది. ఆ దశలో పొడవాటి పుల్లతో రంధ్రం దగ్గర నిప్పు చూపితే వాయువు అంటుకుని చిన్న నాలుకలా మండుతుంది. ఇక అక్కడి నుంచి పొగ తగ్గి మంటగా మారుతుంది. ఆ నాలుక దానంతట అది చిన్నదై ఆరిపోయినప్పుడు లోపలి పెంకు బొగ్గయిందని అర్థం. డబ్బాను బట్టి, మంటను బట్టి దీనికి గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. వెంటనే రంధ్రాన్ని బంకమట్టితో మూసి, బయటి నిప్పులు పక్కకు లాగి, డబ్బాను మరునాటి ఉదయం వరకు ముట్టుకోకండి.

మరునాటి వరకు అని ఊరికే అనడం లేదు. పైకి చల్లబడినట్టు కనిపించే బొగ్గు నడుమ గంటల తరబడి వేడిగా ఉండి, గాలి తగలగానే తిరిగి రాజుకుంటుంది. తొలి రోజుల్లో నేను సాయంత్రమే ఆత్రంగా మూత తీసి, చూస్తుండగానే సగం బొగ్గును బూడిద చేసుకున్నాను. తీసిన బొగ్గును సిమెంటు నేల మీద పలచగా పరిచి ఆ రోజంతా గమనించి, తరువాతే సంచికెత్తండి. నల్లగా, తేలికగా, వేళ్ల మధ్య నలిపితే పొడి అయ్యేది సరిగా కాలిన బొగ్గు. గోధుమ రంగులో ఉండి, నలిపితే గట్టిగా తగిలేది సగం కాలినది, దాన్ని తరువాతి డబ్బాలో మళ్లీ వేయండి. వేసిన పెంకు బరువు, వచ్చిన బొగ్గు బరువు రాసుకుంటే, నాలుగైదు డబ్బాలు దాటేసరికి చేయి కుదురుతుంది. నూటికి ఇరవై నుంచి ముప్పై వస్తుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. నలభై వచ్చిందంటే సంతోషపడకండి, అది సరిగా కాలలేదు.

ఒక హెచ్చరిక. బొగ్గుకు పొగ లేదు కనుక ప్రమాదం లేదనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. లంబసింగి, అరకు వైపు చలికాలంలో కుంపటిని గదిలోకి తెచ్చుకుని తలుపులు వేసుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మండే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవారిని అది లేవనివ్వదు. ఏ బొగ్గునూ మూసిన గదిలో మండించకండి.

ఆరవ అడుగు: బొగ్గును మీ అవసరానికి తగినట్టు మలచండి

సార పెంకు బొగ్గు నలుసు నలుసుగా ఉంటుంది. కమ్మరి కొలిమిలో వేస్తే తిత్తి గాలికి ఎగిరిపోతుంది. ఇస్త్రీ పెట్టెలో పోస్తే బూడిద తూముల్లోంచి రాలిపోతుంది. ఆ పనులకు కొబ్బరి చిప్ప బొగ్గు ఉండనే ఉంది. మన బొగ్గుకు రెండు దారులున్నాయి: గట్టి బిళ్లలుగా చేయడం, మట్టిలో కలపడం.

బిళ్లలకు బొగ్గును రోకలితో దంచి పిండి జల్లెడ పట్టండి. పది కిలోల పొడికి అర కిలో నుంచి ముప్పాతిక కిలో పిండి బంకగా కావాలి. గంజి వాడుకోవచ్చు, కాని అన్నం వార్చిన పలచని గంజి సరిపోదు, చిక్కగా కాచాలి. కర్రపెండలం పిండి ఇంకా మేలు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల్లో సగ్గుబియ్యం మిల్లులున్నాయి కనుక గోదావరి జిల్లాల వారికి తక్కువ రకం పిండి దొరకడం కష్టం కాదు. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి, జిగురు తేలేవరకు కలియబెట్టి, చల్లారాక బొగ్గు పొడిలో కొద్దికొద్దిగా పోస్తూ పిసకండి. పిడికిట పట్టి వదిలితే ముద్ద విడిపోకూడదు, వేళ్ల సందుల నుంచి నీరు కారకూడదు. ముద్దను పైపు ముక్కలోనో, చిన్న డబ్బాలోనో గట్టిగా కూరి, తోసి తీసి, నీడలో ఒకరోజు, ఎండలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. తడి లోపల మిగిలితే బూజు పడుతుంది. నడుము ఎత్తు నుంచి నేల మీద వదిలినా విరగకపోతే బిళ్ల కుదిరినట్టు. టీ కొట్టుకు, హోటల్ కుంపటికి నాలుగైదు బిళ్లలు ముందుగా ఉచితంగా ఇచ్చి, ఎంతసేపు నిలిచాయో, ఎంత బూడిద వచ్చిందో వారినే అడగండి. మీ పద్ధతిలో ఏం మార్చాలో వారి జవాబు చెబుతుంది.

మట్టికి వాడాలనుకునేవారు ముందు తమ మట్టి ఏదో తెలుసుకోవాలి. బొగ్గుకూ అందులోని బూడిదకూ క్షార గుణం ఉంటుంది. పాడేరు, అరకు కొండల ఎర్రనేలల వంటి ఆమ్ల గుణమున్న మట్టికి అది మేలు చేస్తుంది. ఆదిలాబాద్ నల్లరేగడికి సాధారణంగా అప్పటికే క్షార గుణం ఉంటుంది; అక్కడ ఇదే బొగ్గు ప్రయోజనం ఇవ్వకపోగా ఇబ్బంది కూడా చేయవచ్చు. భూసార పరీక్ష పత్రంలో ఉదజని సూచిక (పీహెచ్) 7.5 దాటి ఉంటే పొలానికి బొగ్గు వేసే ఆలోచన మానేయండి.

బొగ్గు ఎరువు కాదు. దాని సూక్ష్మమైన రంధ్రాల్లో నీరూ పోషకాలూ నిలుస్తాయి, అంతే. ఖాళీగా ఉన్న బొగ్గును నేరుగా మట్టిలో వేస్తే అది మొదట మట్టిలోని నత్రజనినే తన రంధ్రాల్లోకి లాక్కుంటుంది, మొక్క పాలిపోతుంది. అమెజాన్ నదీ తీరాల్లో వందల ఏళ్ల కిందటి గిరిజనులు వదిలి వెళ్లిన నల్లమట్టి ఇప్పటికీ సారవంతంగా ఉండటానికి బొగ్గుతో పాటు అందులో కలిసిన ఎముకలు, వంటింటి చెత్త, పెంట కూడా కారణం. అందుచేత ముక్కలుగా దంచిన బొగ్గుకు సమాన పరిమాణంలో పేడ కలిపి, ఆవు మూత్రమో జీవామృతమో పోసి తడిపి, నీడలో గోనె కప్పి రెండు వారాలు ఉంచండి. ఎండిపోకుండా మధ్యమధ్య నీళ్లు చిలకరించండి. ఆ తరువాత ఒక సెంటు భూమికి ఇరవై కిలోల బొగ్గు చొప్పున పై జానెడు మట్టిలో కలపండి. మొదటి ఏడాది పొలమంతా వేయకండి. పక్కపక్కనే రెండు మళ్లు తీసి, ఒకదానికి వేసి మరొకదానికి వేయకుండా, రెండింటిలో ఒకే పంట పెట్టి చూడండి. నారు సంచులకైతే మట్టి మిశ్రమంలో పదో వంతు చాలు.

ఏడవ అడుగు: కాల్చకుండా పెంకుగానే వాడగల చోట్లు

ఇవి చిన్న ఉపయోగాలే, కాని నిప్పుతో పని లేనివి. నర్సరీ మడి మీద, పెరటి చెట్ల పాదుల్లో రెండు అంగుళాల మందాన పెంకు పరిస్తే ఎండకు తేమ ఆరిపోదు, కలుపు తగ్గుతుంది, వాన చినుకుకు మట్టి చిమ్మదు. గట్టి పెంకు కనుక ఏడాదికి పైగా నిలుస్తుంది. చెట్టు మొదలుకు జానెడు ఖాళీ వదలండి, ఇంటి గోడ పక్కన మాత్రం పరచకండి. తడి నిలిచిన పెంకు కిందికి చెదలు చేరతాయి. వానాకాలంలో బురదయ్యే నడవ మీద, బోరింగు చుట్టూ పరచడానికీ బాగుంటుంది, అయితే వట్టి కాళ్లతో నడిచే చోట విరిగిన అంచులు గుచ్చుకుంటాయి.

పచ్చి పెంకును పొడి చేసి ఎరువుగా మట్టిలో కలపడం మాత్రం పొరపాటు. అది కుళ్లడానికి ఏళ్లు పడుతుంది, కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని వాడేసుకుంటాయి. పశువుల దాణాలో కలపడమూ తగదు. ఆ పెంకులో అరిగే పదార్థం లేదు, అంచులు పేగుకు హాని చేస్తాయి.

ఎనిమిదవ అడుగు: అమ్మాలనుకుంటే

ఉత్తేజిత కర్బనం గురించి మొదట్లో వాయిదా వేసిన మాట ఇప్పుడు చెప్పాలి. గట్టి పెంకుల బొగ్గుకు ఆ గుణం ఉన్న మాట నిజమే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1918లో, విషవాయువు నుంచి సైనికులను కాపాడే ముసుగుల్లో నింపే కర్బనం కోసం అమెరికాలో ప్రజల నుంచి పీచ్ పండ్ల టెంకలనూ గట్టి గింజల పెంకులనూ సేకరించారు. మధ్య అమెరికా అడవుల్లోని కోహూన్ తాటి కాయల పెంకును కూడా అందుకు వాడారు. కాని మామూలు బొగ్గును ఉత్తేజిత కర్బనంగా మార్చాలంటే 800 నుంచి 1000 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నీటి ఆవిరితో గంటల తరబడి శుద్ధి చేయాలి. అది కర్మాగారం పని. డబ్బాలో చేసిన బొగ్గుకు అంత శక్తి లేదు, దాంతో తాగునీరు వడకట్టి ఆరోగ్యం మీద ప్రయోగాలు చేయకండి.

కర్మాగారానికి ముడిసరుకుగా అమ్మడం సాధ్యమే, కాని వారికి కావలసింది టన్నుల్లో, ఏడాది పొడవునా, ఒకే నాణ్యతతో. కొబ్బరి చిప్ప ఆ మూడూ తీరుస్తుంది కనుకనే ఆ రంగమంతా దాని చుట్టూ అల్లుకుంది. వేసవిలో రెండు నెలలు మాత్రమే దొరికే సార పెంకుతో ఒక్క గ్రామం వారితో బేరం కుదుర్చుకోలేదు. పది పన్నెండు గ్రామాల సంఘాలు కలిసి, పెంకును కాక బొగ్గును ఒకచోట పోగుచేసి, రెండు కిలోల మచ్చు పంపి, తేమ, బూడిద శాతాల పరీక్ష నివేదిక వచ్చాక మాత్రమే ధర మాట్లాడటం సబబు.

అమ్మకానికి ముందు చట్టం విషయం చూసుకోండి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించుకుని, వాడుకుని, అమ్ముకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం అడవిని నమ్ముకుని బతికే వారికి ఇచ్చింది. అయితే బొగ్గు సంగతి వేరు. 1927 నాటి భారత అటవీ చట్టం బొగ్గును అడవిలో దొరికినా, బయటి నుంచి వచ్చినా అటవీ ఉత్పత్తిగానే లెక్కిస్తుంది. రవాణాకు రాష్ట్రాల నిబంధనలు కూడా ఉంటాయి. గింజ పెంకుతో చేసిందని మీరు చెప్పవచ్చు, కాని చెక్‌పోస్టు దగ్గర సంచిలో కనిపించేది నల్లని బొగ్గే. అందువల్ల సంఘం తీర్మానం ప్రతి, గింజ కొనుగోలు రశీదులు, పెంకు తూకాల పుస్తకం తీసుకుని ముందే అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లి, రవాణా అనుమతి అవసరమా కాదా అని రాతపూర్వకంగా అడగండి; ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) కార్యాలయానికి ఒక ప్రతి ఇవ్వండి. మొదటి అడుగులో రాయమన్న పుస్తకం అక్కరకు వచ్చేది ఇక్కడే: పది క్వింటాళ్ల గింజకు ఎంత పెంకు, ఎంత పెంకుకు ఎంత బొగ్గు అని తేదీల వారీగా చూపించగలిగితే, ఆ బొగ్గు చెట్టు కొట్టి చేసింది కాదని నిరూపించడం సులువవుతుంది.